కొత్త పులుపు, పాత పులుపు

మా అత్తకు కడుపులో గడ్డ తీసిన సంగతి ఎవరు కదిలించినా నాకు ముందు గుర్తొచ్చేది కత్తి కాదు, వాసన. తియ్యగా మొదలై, ముక్కులో మంట పుట్టించి, గొంతులోకి దిగి అక్కడే తిష్ఠ వేసే వాసన. దాని పేరు ఈథరు అని తర్వాత తెలిసింది. ఆపరేషను గదిలోంచి అత్తను బండి మీద తోసుకొచ్చినప్పుడు ఆ వాసన కూడా ఆమె వెంట వచ్చింది. చీర మార్చాను, పోలేదు. తడిగుడ్డతో మొహం, మెడ, చేతులు తుడిచాను, పోలేదు. ఆమె ఊపిరి వదిలినప్పుడల్లా గుప్పుమనేది. పడుకున్న మనిషి మా అత్తే, ఊపిరి మాత్రం ఇంకెవరిదో అనిపించేది నాకు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊరి బయట గుడారాల్లో ఆఫీసులు నడిచేవి. అద్దెకు గది దొరకడం గగనంగా ఉండేది. మాది బనగానపల్లెలో కిరాణా అంగడి. నా భర్త అంగడి వదిలిపెట్టి రాలేడు కాబట్టి బస్సులో వస్తూ పోతూ ఉండేవాడు. మామ లేడు. కాబట్టి బిడ్డను కడపలో మా అమ్మ దగ్గర వదిలి, ఆసుపత్రిలో పగలూ రాత్రీ అత్త మంచం పక్కన చాప వేసుకుని ఉన్నది నేనే. నాకప్పటికి ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. పుట్టింది కడపలో, కాస్త చదువుకున్నాను, నోరు ఉంది, దానికి తోడు ఒక జబ్బు ఉంది. ఏది చూసినా "ఎందుకు?" అని అడగందే నాకు అన్నం సహించదు. "ఈయమ్మకు సరే అనే మాట యాడా నేర్పియ్యలేదు" అని అత్త పదిమందిలో అనేది. నేను దానికీ ఎందుకు నేర్పించాలని అడిగేదాన్ని.

అందుకే మత్తు దిగి, వాంతులు తగ్గి, కాస్త కూర్చోగలిగిన రోజు నేను ఆమెను అడిగిన మొదటి మాట నొప్పి గురించి కాదు.

"అత్తా, మత్తులో యాడికి పోయింటివి?"

"సిగ్గులేదా నీకు? సచ్చి బతికినదాన్ని పట్టుకుని యాడికి పోయింటివి అంటాండావు."

"కలొచ్చిందా? ఎవురన్నా కనపడిరా?"

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఊరుకునే రకమైతే ఈ కథే లేదు. మరునాడు అడిగాను, ఆ మరునాడూ అడిగాను. చివరికి జడ వేస్తుంటే, నా మొహం ఆమెకు కనిపించనప్పుడు, తనంతట తనే చెప్పింది.

"మూతి మీద తీగెల జాలీ మాదిరి పెట్టిరి. దాని మీద గుడ్డేసి చుక్క చుక్క పోస్తాండిరి. ఒగటి, రెండు అని లెక్క పెట్టమన్యారు. నాకు లెక్కలెందుకు, ఒంటిమిట్ట రామయ్యను తలుచుకుంటా పోతే సరిపోతాదని రామా రామా అనుకుంటా ఉంటి. ఒగసారి 'రా' అంటి. 'మ' అనలే."

"మళ్ళ?"

"మళ్ళ ఏముండాది? కండ్లు తెరిస్తే నువ్వు కనపడితివి. నడమ ఏమీ లే. చీకటి గూడా లే. నిద్రపోతే నిద్రపోయినట్లన్నా తెలుస్తాది గదా, అదీ లే. ఆడనే సచ్చిపోయింటే నా నోట్లో రామయ్య పేరు సగమే ఉంటాండె."

నాకు చేతిలో జడ పట్టు తప్పింది. మా అత్త భయపడగా నేను అంతవరకు చూడలేదు. పాముకు భయపడదు, అప్పులవాళ్ళకు భయపడదు, మామ దినాల్లో కూడా పొయ్యి దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు వంట ఏర్పాట్లు చూసింది. అట్లాంటి మనిషి గొంతు ఆ "సగమే" అన్న దగ్గర వణికింది. నాకు జాలి వేసింది. చెప్పొద్దూ, జాలితో పాటు ఇంకొంచెం తెలుసుకోవాలన్న ఆశ కూడా పుట్టింది. ఏమీ లేకపోవడం ఎట్లా ఉంటుంది? దాన్ని చూసి వచ్చిన మనిషి నా ఎదురుగా కూర్చుని ఉంది, కానీ ఆమెకు చెప్పడానికి ఏమీ లేదు.

డాక్టరమ్మను అడిగాను. ఆమె కోస్తా మనిషి, మద్రాసులో చదివింది, నాకంటే పదేళ్ళు పెద్దదేమో. ఎప్పుడూ పరుగు మీద ఉండేది, అయినా నేను అడిగితే నిలబడేది. మందు ఊపిరితో లోపలికి పోయి, రక్తంలో కలిసి, మెదడును నిద్రపుచ్చుతుందనీ, ఎట్లా పోయిందో చాలావరకు అట్లాగే ఊపిరితో బయటికి వస్తుందనీ చెప్పింది. ఆ వాసన అందుకేనంది. "మరి ఆ నడిమధ్య మనిషి ఎక్కడుంటుందండీ?" అని అడిగాను. డాక్టరమ్మ చెవిలో గొట్టం తీసి మెడకు వేసుకుని, "అది నా పుస్తకంలో లేదమ్మా" అని నవ్వి వెళ్ళిపోయింది.

ఆ నవ్వు ఎన్నో రోజులు నిలవలేదు. కుట్లు అతుక్కోలేదు. కట్టు విప్పినప్పుడల్లా డాక్టరమ్మ మొహం చిట్లించేది. చీము లేదు, జ్వరం లేదు, కానీ కోసిన రెండు అంచులూ పాలిపోయి, కలవమన్నా కలవనట్టు ఉండేవి. ఒక ఉదయం అత్త పండ్లపొడితో పండ్లు తోముకుని ఉమ్మితే, ఉమ్ములో ఎర్రగా కనిపించింది. డాక్టరమ్మ వచ్చి పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది. మెత్తగా, ఉబ్బి ఉన్నాయి.

"ఏం తింటున్నారమ్మా మీరు?" అని అడిగింది.

"పథ్యం" అంది అత్త, పరీక్షలో మొదటి మార్కు వచ్చినదాని మాదిరి.

మా ఇళ్ళల్లో కోత పడిన ఒంటికీ, బిడ్డను కన్న ఒంటికీ ఒకటే చట్టం. కందిపప్పు చీము పట్టిస్తుంది, వంకాయ దురద పుట్టిస్తుంది, గుమ్మడి వాతం చేస్తుంది. అన్నిటికంటే పెద్ద శత్రువు పులుపు. పులుపు తగిలితే కుట్టు నీళ్ళు కారుతుంది. కాబట్టి పాతబియ్యం అన్నం, మిరియాలూ జీలకర్రా వేసి కాచిన చారు, కాల్చిన వెల్లుల్లి, కాస్త నెయ్యి. నేను బిడ్డను కన్నది మామిళ్ళ కాలంలో. బనగానపల్లెలో ఉండి, ఇంటి నిండా గంపలు పెట్టుకుని, నాకు ఒక ముక్క నాకనివ్వలేదు ఈ మహాతల్లి. ఆ వాసనకు నేను గోడకేసి తల కొట్టుకున్నంత పని చేశాను. కానీ ఒకందుకు ఆమెను మెచ్చుకోవాలి. మాకు పెట్టిన చట్టమే తనకూ పెట్టుకుంది. కడుపునొప్పి మొదలైన రోజు నుంచే పథ్యం పట్టింది. అంటే కర్నూలు వచ్చేసరికే నెలల తరబడి ఆమె నోట్లో ఒక ఆకు గానీ, కాయ గానీ, పండు గానీ పడలేదు.

డాక్టరమ్మ అంతా విని తల పట్టుకుంది. "ఇది కోత తప్పు కాదు. మీ ఒంట్లో సరుకు లేదు. ముందే లేదు, దాని మీద మత్తుమందు, ఆపరేషను. ఒళ్ళు కోలుకోవాలంటే లోపల ఏదో ఉండాలి కదా!" అని వెళ్ళి ఒక చిన్న సీసా తెచ్చింది. తెల్లటి బిళ్ళలు. "సి విటమిను. ఉసిరికాయలో, నిమ్మకాయలో ఉండే సత్తువే ఇది. చప్పరించి మింగెయ్యండి."

అత్త బిళ్ళను నాలిక కొసన పెట్టి చూసి మొహం ముడుచుకుంది.

"పుల్లగుండాది."

"పుల్లగానే ఉంటుందమ్మా."

"ఎన్నాళ్ళదిది?"

డాక్టరమ్మ పాపం, మందు చెడిపోయిందేమోనని ఈమె అనుమానపడుతోంది అనుకుంది. సీసా తిప్పి మరీ చూపించింది. "ఏం భయం లేదు. సరికొత్త సరుకు. మొన్ననే మద్రాసు నుంచి వచ్చింది. మూత కూడా మీకోసమే ఇప్పుడు తీశాను."

అంతే. అత్త బిళ్ళను నా అరచేతిలో పెట్టి నోరు మూసుకుంది. డాక్టరమ్మ నావైపు చూసింది. నాకు అర్థమైంది కానీ అత్త ఎదురుగా నిలబడి ఎట్లా చెప్పను? మా పథ్యంలో మంచిది అంటే పాతది. బియ్యం పాతవి కావాలి. బెల్లం పాతది కావాలి. పులుపు మొత్తానికి వద్దు, ఒకవేళ నోరు మరీ చప్పబడిపోతే పాత చింతకాయ తొక్కు, పాత ఉసిరి తొక్కు గోరంత నాలిక్కి రాసుకోవచ్చు. కొత్త పులుపు విషం. సరికొత్తది, మొన్ననే వచ్చింది, ఇప్పుడే మూత తీశాను అని డాక్టరమ్మ ఎంత గర్వంగా చెబితే మా అత్త ప్రాణం అంత లోపలికి పోయింది.

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ యుద్ధమే. బి విటమిను అని ఎర్రటి టానిక్కు ఇస్తే తాగేది, ఎందుకంటే అది తియ్యగా ఉంటుంది. గ్లూకోజు పొడి అయితే అడిగి మరీ తినేది. ఈ బిళ్ళ మాత్రం పెదవి దాటదు. చలికాలం, ఆసుపత్రి గేటు బయట ఉసిరికాయలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. కొనుక్కొచ్చి కడిగి ఒడిలో పెడితే, "చెట్టు మీంచి నిన్న దిగిన కాయ. నన్ను సంపల్లనుకుంటాండావా?" అని దొర్లించేసింది. కాయలు మంచం కిందికి పోయాయి. నాకు ఒళ్ళు మండింది.

పక్క మంచంలో ఆదోని వైపు పల్లె నుంచి వచ్చిన పెద్దామె ఉండేది. సేద్యం పనులు చేసుకునే మనిషి, కాలికి ఆపరేషను అయింది. జొన్నరొట్టె మీద నిమ్మకాయ పిండుకుని ఉల్లిగడ్డ కొరుక్కుంటూ మా ఇద్దర్నీ తమాషాగా చూసేది. దొర్లిన ఉసిరికాయల్లో ఒకటి తన మంచం దగ్గరికి వస్తే తీసి కొరుకుతూ అంది, "యామ్మా కోమటమ్మా, నీ పథ్యం చూస్తాంటే నాకే నీరసమొస్తాండాది. తినమ్మా."

"మీ ఒళ్ళు వేరు, మా ఒళ్ళు వేరు" అంది అత్త.

"వేరేమిలే! కోసింది ఒగటే కత్తి గదా" అంది ఆమె. నాకు నవ్వొచ్చింది, అత్త చూపు చూసి మింగేశాను.

అప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. గాయం పొడవునా విడిపోయే లక్షణాలు కనిపిస్తున్నాయని చెప్పింది. ఇంకో వారం, మహా అయితే పది రోజులు చూస్తుంది. అప్పటికీ పట్టు దొరక్కపోతే మళ్ళీ మత్తు ఇచ్చి మొత్తం కొత్తగా కుట్టాలి. "ఈ బలహీనతలో రెండోసారి మత్తు అంటే నాకూ భయంగానే ఉంది" అని కూడా అంది. ఆ మాట ఆమె అనకపోయి ఉంటే బాగుండేది.

నేను దాచకుండా అత్తకు చెప్పాను. ఆమె కుట్ల గురించి అడగలేదు.

"మళ్ళ ఆ జాలీ పెడతారా?"

"పెడతారంట."

కాళ్ళ మీది దుప్పటి తీసి మడత పెట్టింది. తర్వాత నా భర్త పేరు పెట్టి, "వాణ్ణి రమ్మను, ఇంటికి పోదాం" అంది. "పుండు మానకపోతే మానకపోనీ. నా ఇంట్లో నాకు తెలిసి పోతా. ఆ సగంలో మాత్రం పోను."

ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి నాకు. ఒక బిళ్ళ! శనగపప్పంత బిళ్ళ చప్పరిస్తే పోయేదానికి ఈమె చావడానికి సిద్ధపడుతోంది, నోరు పులుపు చెయ్యడానికి సిద్ధపడటం లేదు. నాకు నోరు ఎక్కువని చెప్పాను కదా. వార్డంతా వినేట్టు అరిచాను.

"అయితే ఒగ పని చెయ్యత్తా! ఈ బిళ్ళల్ని గూడా మన ఇంట్లో ఉసిరి తొక్కు జాడీలో వేసి ఊరబెట్టుకో! మూడేండ్లయినాక పాతవైతాయి, అప్పుడు తిందువు!"

వెటకారానికి అన్నాను. అత్త మాత్రం కళ్ళు చిన్నవి చేసుకుని నన్ను చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అంగడిలో కొత్త సరుకు దిగితే వేళ్ళ మధ్య నలిపి చూసే చూపు.

"మూడేండ్లు ఎందుకు? పాలల్లో తోడు వేస్తే ఎంతసేపైతాది తోడుకునేదానికి?"

"...ఒగ రాత్రి."

"మరి! పాతదాంట్లో పడితే కొత్తది దాని బుద్ధి నేర్చుకుంటాది. ఎల్లుండి వానితో జాడీ తెప్పియ్యి. పెద్ద జాడీ కాదు, అటక మీద గుడ్డ కట్టింది."

 పక్క మంచం ఆదోనామె పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నాకు మాత్రం ఆ క్షణంలో నవ్వు రాలేదు, ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. నెలల తరబడి కొండలాగా నిలబడ్డ చట్టం, తన లోపలే ఒక సందు ఉందని తనే చూపించింది.

నా భర్త జాడీ తెచ్చాడు. బస్సులో దారి పొడవునా ఒళ్ళో పెట్టుకుని వచ్చాడట. పక్కన కూర్చున్న సాయిబు ఒకాయన, "ఏమప్పా, ఏముండాది దాంట్లో, అంత భద్రంగా పట్టుకున్నావు?" అని అడిగితే, మా అమ్మ ప్రాణం అన్నాడట. ఆయన నవ్వుతాడనుకుంటే కాస్త సర్దుకుని జాగా ఇచ్చాడట. మూడు వేసవులు చూసిన తొక్కు. ఉప్పూ పసుపూ తప్ప కారం చేరని తొక్కు, నల్లగా, ముద్దగా, మూత తీస్తే వగరు వాసన. అత్త చిటికెడు తీసి వాసన చూసి, కళ్ళు మూసుకుని, "ఆ" అంది.

డాక్టరమ్మకు చెప్పడానికి నాకు భయం వేసింది. చెప్పకుండా చేస్తే ఇంకా భయం. ఆమె వచ్చినప్పుడు జాడీ చూపించి విషయమంతా చెప్పాను. మొదట నవ్వింది. తర్వాత మంచం అంచున కూర్చుంది. అంతవరకు ఆమె ఏ మంచం మీదా కూర్చోగా నేను చూడలేదు.

"పాతది అంటే ఎంత పాతదమ్మా?" అని అత్తను అడిగింది. నాకు ఆమె మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. నేను అడిగే రకం ప్రశ్న అది.

అత్త లేచి దిండుకు ఆనుకుంది. "ఏడాది దాటాల. ఒగ ఎండ, ఒగ వాన, ఒగ చలి చూడాల. అప్పుడు గానీ దాని పొగరు దిగదు. కొత్త పులుపు కొత్త కోడలి లెక్క డాక్టరమ్మా. నోరు శానా. కొన్నాళ్ళు గడిస్తే ఇంట్లో కలిసిపోతాది." అని నావైపు చూసింది. "కొన్ని కలవవు, అది వేరే సంగతి."

"నేను ఇంకా ఊరుతాండా అత్తా" అన్నాను. డాక్టరమ్మ పకపకా నవ్వింది.

తర్వాత లేచి తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంది. ఉసిరిలో ఉన్నదే బిళ్ళలో ఉంది, నష్టం లేదు. కానీ తడిలో, ఉప్పులో రాత్రంతా ఉంటే దాని సత్తువ కొంత పోవచ్చు, ఎంత పోతుందో తనకు తెలియదు. ఇన్నేళ్ళ తొక్కులో ఎంత మిగిలి ఉందో అదీ తెలియదు. "కాబట్టి బిళ్ళలు రెట్టింపు వెయ్యి. మూత గట్టిగా పెట్టు. అన్నంతో కాదు, విడిగా తినిపించు" అని నాకు చెప్పి సీసా నా చేతిలోనే పెట్టి వెళ్ళింది.

నేను బిళ్ళలు దంచి, కాస్త తొక్కులో కలిపి, గిన్నెకు మూత పెట్టి గుడ్డ కట్టేదాన్ని. పొద్దున్నే అత్త ముందు విప్పాలి, ముందుగా విప్పితే ఒప్పుకోదు. వేలితో అద్దుకుని నాలిక మీద పెట్టుకుని, కాసేపు ఆలోచించి, "దిగింది పొగరు" అనేది. అప్పుడు తినేది. ఏ రోజైనా తెల్లటి పొడి కళ్ళకు కనిపిస్తే, "ఇది ఇంగా కలవలే" అని పక్కన పెట్టేది, మధ్యాహ్నం దాకా ఆగి మళ్ళీ చూసేది. నా తల ప్రాణం తోకకొచ్చేది. అయినా రోజూ ఆ గిన్నె విప్పే క్షణం కోసం నేనూ ఎదురుచూసేదాన్ని. ఏం మారుతోంది ఇందులో రాత్రికి రాత్రి? నేను కూడా ఒకరోజు నాకి చూశాను. నాకేమీ తేడా తెలియలేదు. పుల్లగానే ఉంది.

కానీ ఆమెలో తేడా తెలిసింది. ముందు ఉమ్ములో ఎరుపు పోయింది. తర్వాత ఒకనాడు తనంతట తనే, "ఏమన్నా ఉంటే పెట్టు మే, కడుపు కాలుతాంది" అంది. తొక్కు ఒకసారి నోట పడ్డాక పథ్యం గోడకు ఇంకో రెండు బీటలు పడ్డాయి. మునగాకు పొడికి ఒప్పుకుంది, పెసరకట్టుకు ఒప్పుకుంది. ఊపిరిలో ఈథరు వాసన ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. ఒకరోజు తల దువ్వుతూ వంగితే ఉసిరి వాసన వచ్చింది, అప్పుడు గుర్తొచ్చింది. బిళ్ళ పని చేసిందా, తొక్కు పని చేసిందా, పెసరకట్టు పని చేసిందా, లేక ఇన్ని రోజులు గడవడమే పని చేసిందా? నేను డాక్టరమ్మను అడిగాను. "నీకెందుకమ్మా, ఏదో ఒకటి" అంది. నాకు ఇప్పటికీ కావాలి ఆ జవాబు.

గడువు రోజు వచ్చింది. అత్త పొద్దున్నే లేచి తల దువ్వించుకుంది. బొట్టు పెట్టుకునే అలవాటు పోయినా ఆమె వేలు నుదుటి దాకా పోయి వెనక్కి వచ్చింది. డాక్టరమ్మ కట్టు విప్పుతుంటే అత్త గాయం వైపు చూడలేదు, డాక్టరమ్మ మొహం వైపే చూసింది. నేనూ అంతే.

డాక్టరమ్మ వేలితో నొక్కుకుంటూ పై నుంచి కిందికి వచ్చింది.  కిందికొస వచ్చేసరికి వేలు ఆగింది.

"పైనంతా పట్టేసింది. బాగా పట్టింది" అంది. "ఈ చివర ఒక్కటే తెరుచుకుని ఉంది. దీనికి రెండు కుట్లు వెయ్యాలి."

"జాలీ పెడతారా?" అంది అత్త. గొంతు పిల్లదాని గొంతులాగా వచ్చింది.

"మొత్తం విడిపోయి ఉంటే తప్పేది కాదు. ఇంత చిన్నదానికి అక్కర్లేదు. పక్కన సూదితో తిమ్మిరి మందు ఇస్తాను."

"అది గూడా మత్తే గదా?"

"అది అక్కడి వరకే. మీరు మెలకువగానే ఉంటారు."

"ఆడి వరకే అని నువ్వు చెప్తావు. ఆ మందుకు తెలియల్ల గదా." అత్త తల అడ్డంగా ఊపింది. "ఏ మందూ వద్దు. కుట్టు."

డాక్టరమ్మ ఎంత చెప్పినా వినలేదు. నేను బతిమాలాను, కోప్పడ్డాను, నొప్పి తట్టుకోలేవన్నాను. "పిల్లల్ని కన్నదాన్ని, నాకు నొప్పి చెప్తాండావా?" అంది. చివరికి డాక్టరమ్మ చేతులు కడుక్కుంది. నేను అత్త తల దగ్గర నిలబడ్డాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

సూది వంకరగా, మెరుస్తూ ఉంది.  అత్త కళ్ళు మూసుకుంటే బాగుండుననిపించి, "రామయ్యను తలుచుకో అత్తా" అన్నాను.

"ఉండు మే! ఆయప్ప యాడికీ పోడు. నన్ను చూడనీ."

తల ఎత్తి పెట్టుకుని చూసింది. మొదటి పోటుకు ఆమె ఒళ్ళంతా బిగుసుకుంది, నోట్లోంచి గాలి తప్ప ఇంకేమీ రాలేదు. దారం లాగుతుంటే పండ్లు కొరుక్కుంది. చెమట చెంపల మీంచి చెవుల్లోకి కారింది. నేను తుడవబోతే తల విదిలించింది, చూపుకు అడ్డం వస్తున్నానని. రెండో కుట్టుకు డాక్టరమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగితే, "కానీ, కానీ" అని తనే తొందర పెట్టింది. ముడి వేసి, కత్తిరించి, డాక్టరమ్మ వెనక్కి వంగి ఊపిరి వదిలింది.

"అయిపోయిందమ్మా."

అత్త తల దిండు మీద వాల్చింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. పండగ చూసొచ్చిన పిల్లలాగా నావైపు తిరిగింది.

"ప్రతి పోటూ తెలిసింది మే నాకు! పోయినప్పుడు తెలిసింది, వచ్చినప్పుడు తెలిసింది. ఒగటి గూడా పోలే. అంతా ఈడనే ఉంటి!"

డాక్టరమ్మ పళ్ళెం సర్దుకుంటూ ముఖం పక్కకు తిప్పుకుంది. నేను ఏడ్చేశాను. నొప్పి తెలిసినందుకు అంత సంతోషపడిన మనిషిని మళ్ళీ నేను ఎక్కడా చూడలేదు. ఆదోనామె అప్పుడు పక్క మంచం మీంచి, "నీ చెయ్యి చూస్కో పాపా" అంది. మణికట్టు మీద అత్త గోళ్ళు దిగిన చోటల్లా నెత్తురు వచ్చి, గాజుల కింద నుంచి వేళ్ళ దాకా కారి ఉంది. నాకు ఒక్కటీ తెలియలేదు.